దర్జీల గల్లీ మీదుగా ఇరవై నిమిషాలు

మా మధుసూదన్ పంతులుకు ఒక పిచ్చి ఉండేది. ఊరి గురించి ఎవరు ఏం రాసి తెచ్చినా, అచ్చుకు పోయే ముందు ఆ కాగితాలను ఊరు తెలియని మనిషి చేతిలో పెట్టి, "గిది పట్టుకొని నడిచి రా" అనేవాడు. పోయినవాళ్లు తిప్పలు పడకుండా తిరిగొస్తే రాసింది బాగున్నట్టు. దారి తప్పితే ఆ కాగితాలకు ఇక గతి లేనట్టే. శైలీ గీలీ ఆయనకు పట్టవు. "కథల అబద్ధం రాస్తే ఎవ్వని కాళ్లు నొయ్యవు. దారి తప్పు రాస్తే ముసలోళ్లు ఎండల తిరుగుతరు" అనేవాడు. ఆయన ప్రెస్సులో పదకొండేళ్లు సీసపు అక్షరాలు ఏరి పేర్చినవాణ్ని నేను. పేరు ఏసురత్నం. పంతులు మాటల్లో నేను ఒప్పుకునేవి బహు తక్కువ. ఈ ఒక్కటీ ఒప్పుకుంటాను.

పందొమ్మిదివందల యాభై జనవరి. పోలీసు యాక్షన్ అయి ఏడాది మీద నాలుగు నెలలు. బెజవాడ నుంచీ మద్రాసు నుంచీ గుమాస్తాలు, నర్సులు, టీచర్లు రోజూ మా స్టేషన్లో దిగుతున్నారు. దిగి, బయట నిలబడి, ఎటు పోవాలో తెలియక దిక్కులు చూస్తున్నారు. వాళ్ల కోసం తెలుగులో ఒక చిన్న పుస్తకం వేద్దామని పంతులు పట్టుబట్టాడు. బజార్లు, గుళ్లు, మసీదులు, చర్చిలు, చెరువు గట్టు, ఒక్కోదానికి దారి, నడిస్తే ఎన్ని నిమిషాలు. అంతే పుస్తకం.

రాయడానికి నాగూర్ బాషా పేరు చెప్పింది నేనే. స్టేషను పార్సలాఫీసులో గుమాస్తా. ముప్పై రెండేళ్లు, సన్నటి మనిషి, ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నట్టు జేబులు తడుముకుంటాడు. వాళ్ల నాయన నెల్లూరు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. బాషా పుట్టింది, పెరిగింది రాంగోపాల్‌పేట్‌లో. అతని కిటికీ దగ్గరికి పార్సలు వేసేవాళ్లకన్నా దారి అడిగేవాళ్లే ఎక్కువ వచ్చేవారు. విసుక్కోకుండా చెప్పేవాడు, ఏ మూల ఏ కొట్టు ఉందో, ఎక్కడ నీళ్లు దొరుకుతాయో అన్నీ కలిపి. "చెప్పేదే రాయి" అన్నాను. "నాకేం రాయొస్తదన్నా" అని మూడుసార్లు తప్పించుకుని, నాలుగోసారి ఒప్పుకున్నాడు.

మూడు వారాల్లో పన్నెండు పేజీలు తెచ్చాడు. వాడేసిన పార్సలు ఫారాల వెనకాల, గుండ్రటి రాత. పంతులు చేతికిచ్చి రెండడుగులు వెనక్కి వేశాడు, ఆ కాగితాలు కరుస్తాయేమో అన్నట్టు. ఆ రోజు నుంచి డ్యూటీ దిగగానే ప్రెస్సుకు రావడం, గుమ్మంలో నిలబడి నాకు సైగ చేసి "చూసిండా?" అని అడగడం. చూడలేదంటే పరేషాన్. చూశాడంటే ఇంకా పరేషాన్. "నా తెలుగుల ఉర్దూ మాటలు ఎక్కువైనయేమో. నవ్వుతడేమో" అనేవాడు. అతని భార్య జాన్ బీ ఒకసారి బజారులో కనబడి, "మా ఇంట్ల అన్నం సయిస్త లేదు ఆయనకు. ఏం రాయమన్నరో ఏమో" అని నన్నే కోప్పడింది.

అప్పుడు గుంటూరు నుంచి వచ్చిన నర్సు ఒకామె పంతులు కంటపడింది. పేరు దేవకృప. ఆస్పత్రి ఫారాలు అచ్చు వేయించడానికి ప్రెస్సుకు వచ్చింది. ఊరికి వచ్చి తొమ్మిది రోజులు. పంతులు వదులుతాడా? ఆదివారం చర్చి అయ్యాక కాస్త నడిచి చూడమని బతిమాలి, బాషా కాగితాలు ఆమె చేతిలో పెట్టాడు. నాడి చూడటానికి నర్సులు గౌనుకు తగిలించుకునే గడియారం ఆమె దగ్గర ఉంది కాబట్టి నిమిషాల లెక్క కూడా తేలుతుందని ఆయన ఆశ. రాసిందెవరో ఆమెకు చెప్పలేదు. అది కూడా ఆయన పద్ధతే.

సోమవారం సాయంత్రం బాషాను పిలిపించాడు. దేవకృప కూడా వచ్చింది. బాషా స్టూలు అంచున కూర్చుని టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. మళ్లీ తలకు పెట్టుకున్నాడు. మళ్లీ తీశాడు.

పంతులు ఎర్ర సిరా పెట్టిన పేజీలు ముందు తిప్పాడు. "గిక్కడ 'మనోహరమైన' అన్నవ్. ఎందుకు? గడియార స్తంభం గడియార స్తంభమే. కొట్టేసిన. గీ మసీదు దగ్గర నీళ్ల కుండ సంగతి రాసినవ్, మంచిగున్నది. గిసుంటియి ఇంక రాయి. ఉర్దూ మాటలు ఉండనియ్యి, దిగెటోళ్లు రేపు బజార్ల గవే వినాలె."

బాషా ముఖంలోకి రక్తం వచ్చింది. నన్ను చూసి నవ్వబోయాడు.

"ఒక్కటే తక్లీఫ్ ఉన్నది" అని పంతులు తొమ్మిదో పేజీ తీశాడు. మోండా మార్కెట్ నుంచి హుస్సేన్‌సాగర్ గట్టుకు దారి. ఆ పేజీలో ఎర్ర సిరా లేదు. బాషా రాసిన ఆరు వరసల మీద ఎవరో పెన్సిలుతో ఒక అడ్డగీత గీసి, పక్కన చిన్న అక్షరాలతో రాశారు. పంతులు చదివాడు: "ఈ దారిన ఎవరూ పోరు. దర్జీల గల్లీ మీదికెళ్లి పోతే ఇరవై నిమిషాలు. పొద్దుగూకేటప్పుడు ఎడమ పక్క నీడ ఉంటది."

"నువ్వు రాసిన దారి ఎట్లున్నదో నీకు ఎరుకేనా?" అన్నాడు పంతులు. "మోండా నుంచి మళ్ల గడియార స్తంభం దాక వెనుకకు తెచ్చినవ్. ఆడికెళ్లి జేమ్స్ స్ట్రీట్ మీద తిప్పినవ్. నలభై అయిదు నిమిషాలని నువ్వే రాసినవ్. రాంగోపాల్‌పేట్ల పుట్టినోనివి, నడుమల గల్లీ ఉన్నదని తెల్వదా?"

"నాకు యాభై పట్టిందండీ" అంది దేవకృప నొచ్చుకుంటూ. "చెప్పులు కొత్తవి. మిగతా దారులన్నీ ఎంత బాగా రాశారండీ, ఒక్కచోట కూడా అడగాల్సిన పని లేకపోయింది. ఇదొక్కటే."

బాషా ఆమె మాటలు విన్నాడో లేదో. పెన్సిలు రాతనే చూస్తున్నాడు. ముఖం పాలిపోయింది. నేనేమో రచయిత గారికి మొదటి దెబ్బ తగిలిందనుకుని లోలోపల నవ్వుకున్నాను. పదకొండేళ్లలో ఎందరో రచయితలు అలిగి పోవడం చూశాను. ఇతగాడూ ఆ బాపతే అనుకున్నాను.

"గీ పెన్సిల్ ఎవరిదమ్మా?" అన్నాడు బాషా.

"తిరిగి వచ్చేటప్పుడు ఎవరో ఆ గల్లీ చూపించారండీ. సగం దారిలో పుస్తకాలు కుట్టే ఆయన అరుగు మీద కూర్చుని ఉంటే మంచినీళ్లు అడిగాను. కాగితం ఏమిటన్నారు, చూపించాను. నిలబడి మొత్తం చదివారు. రాసిందెవరో నాకు తెలియదండీ అంటే, ఈ చేతిరాత నాకు తెలుసు అన్నారు. పెన్సిలు తెచ్చి రాసిచ్చారు." ఆమె కాస్త ఆగి, "పాపం ఒక చెవి వినపడదనుకుంటానండీ. ఏం చెప్పినా ఇటు తిరిగి మళ్లీ అడిగేవారు" అంది.

బాషా టోపీ కింద పడింది. తీసుకోలేదు.

"బేస్తవారం లోపల నడిచి, నిమిషాలు లెక్కపెట్టి, దిద్ది తీసుకరా" అన్నాడు పంతులు. "తేకపోతే గీ పన్నెండు పేజీలూ పక్కన పెడత. ఒక్క దారి తప్పున్నా పుస్తకానికి చెడ్డపేరు."

నేను టోపీ తీసుకుని వెంట బయటికి వచ్చాను. బాషా ప్రెస్సు మెట్ల మీద కూలబడి ఉన్నాడు. ఎగతాళి చేద్దామని నోరు తెరిచాను గానీ, అతని ముఖం చూసి మూసుకున్నాను.

"నేను కావాలని రాయలేదన్నా" అన్నాడు. "యేసుసామి మీద ఒట్టు, నీ దేవుని మీదనే పెడుతున్న. ఏడాది సంది గట్లనే నడుస్తున్న. కాళ్లకు గదే అలవాటైంది. చెయ్యి సుత గదే రాసింది. పంతులు చదివేదాక నాకే తెల్వదు."

తర్వాత సంగతి చెప్పాడు. ఆ బైండింగు ఆయన పేరు సోమయ్య. బాషా కన్నా రెండేళ్లు పెద్ద. ఇద్దరి ఇళ్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి, ఒకే బడి. పోలీసు యాక్షన్ వారంలో ఎవరి మీద ఎవరు పడతారో తెలియక ఊరంతా తలుపులు వేసుకుంటే, సోమయ్య వచ్చి బాషానూ జాన్ బీనీ పసిపిల్లనూ తన ఇంటికి తీసుకుపోయాడు. ఐదు రోజులు. సోమయ్య భార్య లచ్చమ్మ జాన్ బీ నుదుట బొట్టు పెట్టి, అడిగినవాళ్లకు మా చెల్లెలని చెప్పింది. గొడవ సద్దుమణిగాక బాషా వాళ్లు స్టేషను పక్క క్వార్టరుకు మారిపోయారు.

నాలుగు నెలలకు సోమయ్యను పట్టుకుపోయారు. సంఘం వాళ్ల, అంటే కమ్యూనిస్టుల కరపత్రాలు కుట్టి ఇచ్చాడని అనుమానం. అట్లాంటి అనుమానం మీద ఆ రోజుల్లో ఎందరో నిర్బంధ క్యాంపుల్లో పడ్డారు. మర్నాడు పార్సలాఫీసుకు ఇద్దరు పోలీసు మనుషులు వచ్చి, కాగితం ముందు పెట్టి, "బైండింగు సోమయ్య నీకు తెలుసా?" అని అడిగారు.

"తెల్వదన్న" అన్నాడు బాషా. "పార్సల్ ఏసెటోళ్లల్ల ఒగడు, గంతకు మించి తెల్వదని రాసి సంతకం పెట్టిన. ఇంట్ల పసిపిల్ల ఉన్నది, నా పేరు ఇసుంటిది, అప్పటి రోజులు అసుంటియి. నౌకరీ పోతదని భయపడ్డ. ఐదు నెలలు ఉన్నడన్నా లోపట. ఆగస్టుల వచ్చిండని తెలిసింది. గా గల్లీల అడుగు పెట్టలేదు నేను. ఏం మొఖం పెట్టుకొని పోవాలె?"

నాకు ఒళ్లు మండింది. దాచుకోను. ఐదు రోజులు అన్నం పెట్టిన మనిషిని ఎరగనని సంతకం పెడతావా అని ఆ మెట్ల మీదే తిట్టాను. తిట్టి, మళ్లీ నేనే ఆలోచించాను. ఆ ఇద్దరూ నా ముందు కాగితం పెట్టి ఉంటే? ఆ కాలంలో నేను కూడా చర్చికీ ప్రెస్సుకీ తప్ప ఎటూ చూడకుండా తలవంచుకుని నడిచినవాణ్నే. నాకు ధైర్యం ఉందని చెప్పుకోవడానికి ఒక్క ఆధారమూ లేదు.

"వ్యాసం వద్దని చెప్తనన్నా పంతులుకు" అన్నాడు.

"చెప్పుకో. రేపు ఇంకో నర్సు యాభై నిమిషాలు నడవాల్సిన పని లేకుండా పోతుంది" అన్నాను కసిగా. లేచిపోయాడు. మంగళవారం ప్రెస్సుకు రాలేదు. బుధవారం మధ్యాహ్నం వచ్చి, "నాతోటి జెర వస్తవా? ఒక్కణ్ని పోలేను" అన్నాడు. దేవకృపను అడిగి గడియారం తెచ్చుకున్నాడు. ఆ గడియారం తలకిందులుగా వేలాడుతుందని చూసుకోక, మోండా దగ్గర రెండుసార్లు టైము తప్పు చెప్పాడు. చివరికి నేనే లాక్కుని లెక్కపెట్టాను.

కూరగాయల బుట్టల మధ్య నుంచి బయటపడి గల్లీలోకి తిరిగాం. రెండు పక్కలా మిషన్లు టకటక కొట్టుకుంటున్నాయి. అరుగుల మీద దర్జీలు ఒకరిద్దరు తలెత్తి బాషాను చూశారు. గుర్తుపట్టారనిపించింది, ఎవరూ పలకరించలేదు. బాషా ఎడమ పక్క గోడను రాసుకుంటూ నడుస్తున్నాడు. చలికాలమైనా చొక్కా వీపున తడిసింది. "ఎన్ని?" అని అడిగాడు. ఎనిమిది. "ఇప్పుడు?" ఎనిమిదే.

తొమ్మిదో నిమిషంలో సోమయ్య అరుగు వచ్చింది. బలమైన మనిషే, జుట్టు మాత్రం వయసుకు మించి నెరిసింది. చిట్టా పుస్తకం ఒకటి మోకాళ్ల మధ్య బిగించి దబ్బనంతో కుడుతున్నాడు. మమ్మల్ని చూశాడు. కుట్టు ఆపలేదు.

"ఎన్ని నిమిషాలైంది?" అన్నాడు నన్ను.

"తొమ్మిది."

"ఇంక పదకొండు. నడిమిల బావి కాడ గుంపుంటె పన్నెండు."

లోపలి గదిలో లచ్చమ్మ నిలబడి ఉంది. బాషా వైపు ఒక్క చూపు చూసి, తలుపు దగ్గరికి వేసింది. గడియ మాత్రం పెట్టలేదు.

"సోమన్నా" అన్నాడు బాషా. సోమయ్య వినలేదు. బాషా వినపడని చెవి పక్కన నిలబడ్డాడని నాకు అర్థమై, భుజం పట్టి ఇటు జరిపాను. "సోమన్నా, నిన్ను ఎరగనని సంతకం పెట్టిన."

"ఎరికే. గా కాయితం నా ముందట పెట్టి చదివిండ్రు."

"వాళ్లు వచ్చి అడిగిండ్రన్నా. నాకు భయమై..."

"వాళ్లు వాళ్లంతట వాళ్లు రాలే" అన్నాడు సోమయ్య. దారాన్ని పళ్లతో తెంపి, ముడి వేసి, అప్పుడు బాషా ముఖంలోకి చూశాడు. "నేనే పంపిన. నువ్వు ఎసుంటోనివో చెప్పెటోడు ఎవడన్న ఉన్నడా అని అడిగిండ్రు. పార్సలాఫీసుల నాగూర్ బాషాను అడుగుండ్రి, చిన్నప్పటి సంది నన్ను ఎరిగినోడు, సర్కారు నౌకరి మనిషి, ఆయన చెప్తడు అన్న. ఒక్క నీ పేరే చెప్పిన."

బాషా అరుగు అంచును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"మొదటి మాటే అబద్ధం చెప్పినవని ఒకటి ఏసిండ్రు. అప్పటి సంది గీ చెవి పనిజెయ్యదు" అన్నాడు సోమయ్య. కోపం లేదు గొంతులో. ఉంటే బాగుండుననిపించింది. "నువ్వు రాసింది చదివిన. మంచిగ రాసినవ్. స్టేషన్ కాడి నీళ్ల పంపు సంగతి గిట్ల ఎవ్వరు రాస్తరు? దారే తప్పు. పో, పొద్దుగూకుతది, లెక్క తప్పుతది."

కూర్చోమనలేదు. బాషా చేతులెత్తి దండం పెట్టాడు. సోమయ్య ఇంకో సూది దారం తీసుకున్నాడు. మేం చెరువు గట్టుకు చేరేసరికి, అరుగు దగ్గర నిలబడ్డది తీసేస్తే, సరిగ్గా ఇరవై నిమిషాలు.

బేస్తవారం పొద్దున్నే తొమ్మిదో పేజీ తిరగరాసి తెచ్చాడు. పంతులు ఎర్ర కలం పట్టుకుని చదువుతూ తల ఊపుతున్నవాడు ఒకచోట ఆగాడు. బయటికి చదివాడు: "గల్లీ నడుమ బైండింగు పని చేసే సోమయ్య గారు ఉంటారు. దారిలో అనుమానం వస్తే ఆయనను అడగండి. ఈ వ్యాసం రాసిన నాగూర్ బాషా అనే నాకు ఆయన చిన్ననాటి నుంచి తెలుసు, ఆయన మాట నిజమైన మాట."

"మొదటిది ఉండనీ. ఆఖరిది ఎందుకు? చెరువుకు పొయ్యెటోనికి నీకు ఎవరు ఎరికైతే ఏంది?" అని కలం ఆనించబోయాడు.

"కొట్టకుండ్రి సార్."

బాషా గొంతు అంత గట్టిగా ఉండటం నేను ఎప్పుడూ వినలేదు. పంతులు కళ్లద్దాల పైనుంచి చూశాడు. ఆయనకు సోమయ్య ఎక్కడి నుంచి వచ్చాడో తెలుసు. ఊళ్లో అందరికీ తెలుసు. "బాషా, ఆయన క్యాంపుకెళ్లి వచ్చిన మనిషి. గీ మాట కింద నీ పేరు అచ్చయితది. నువ్వు రైల్వేల ఉన్నవ్. ఎవడన్న చూసి, ఆయన నీకు ఎట్ల ఎరుక అని అడిగితే?"

"అడుగుతరని భయమైతనే ఉన్నది సార్. రాత్రంత గదే భయం. ఇంట్ల సుత చెప్పిన, మా ఆమె ఏడ్చింది, మళ్ల రాయమన్నది. మిగిలిన పేజీలన్ని కొట్టేసినా నేనేమనను. గిది ఒక్కటి ఉంచుండ్రి."

పంతులు ఆ పేజీ మొదటి నుంచి ఇంకోసారి చదివాడు. తర్వాత కలం మూసి, కాగితాలు నాకిచ్చాడు. "కంపోజ్ చెయ్యి. గా వాక్యం ఉన్నదున్నట్టు."

చేశాను. ఎన్నో రాజకీయ ఉపన్యాసాలు పేర్చిన చేతులివి, ఎప్పుడూ తడబడలేదు. ఆ రెండు వరసలకు మాత్రం మూడుసార్లు సరిచూసుకున్నాను.

మార్చిలో పుస్తకం వచ్చింది. ఆ నెలంతా బాషా కిటికీ ముందు ఖాకీ చొక్కా కనబడితే చాలు, చేతిలో చీటీ జారవిడిచేవాడు. ఎవరూ రాలేదు. వస్తారేమోనన్న బెంగ మాత్రం ఎన్నాళ్లకూ పోలేదు. పుస్తకం బాగుందని నలుగురు చెప్పారు. దేవకృప ఆస్పత్రిలో అందరికీ చూపించానని చెప్పి పంపింది. అతనికి ఆ మెప్పు తలకెక్కలేదు. "ఆయన చదివిండా?" అని ఒక్కటే అడిగేవాడు. తను పోడు, నన్ను పొమ్మంటాడు. చివరికి ఒక కాపీ తీసుకుని నేనే దర్జీల గల్లీకి పోయాను.

సోమయ్య చేతులు తుడుచుకుని పుస్తకం అందుకున్నాడు. ముందు కుట్టు చూశాడు, అది ఆయన అలవాటు. తర్వాత ఆ పేజీ తీసి నిదానంగా చదివాడు. లచ్చమ్మను పిలిచి ఆమెకు వినబడేట్టు ఆ వాక్యం ఇంకోసారి చదివాడు.

"గీ మాట అప్పుడు చెప్తే సరిపోతుండె" అన్నాడు సోమయ్య.

అంతే. మళ్లీ పనిలో పడ్డాడు. స్టేషను దాకా నడుస్తూ ఆ మాటను కాస్త మెత్తగా చెప్పాలా, వేరే ఏదైనా చెప్పాలా అని ఆలోచించాను. బాషా కిటికీలోంచి నన్ను దూరం నుంచే చూసి లేచి నిలబడ్డాడు. నేను అబద్ధం చెప్పలేకపోయాను. ఉన్నదున్నట్టు చెప్పాను.

అతను తల ఊపాడు. "అవును. సరిపోతుండె" అన్నాడు. తక్కెడ మీద ఎవరిదో పార్సలు పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. బరువు రాయడం మరిచిపోయాడు. కాసేపటికి నా వైపు చూడకుండానే అడిగాడు.

"పుస్తకం వాపసు ఇచ్చిండా అన్నా?"

"లేదు. ఉంచుకున్నడు."

నాగూర్ బాషా కౌంటరు మీద రెండు చేతులూ పెట్టి, వాటి మీద తల వాల్చి, వరసలో ఉన్నవాళ్లందరి ముందూ ఏడ్చాడు.